గండికోట: పరిత్యక్త దుర్గనగరంలో సుల్తానుల నాటి దశ – పురావస్తు పరిశీలన

వ్యాససంగ్రహం:

కడప జిల్లా జమ్మలమడుగుకు పడమట పెన్నానది ఒడ్డున ఉన్న గండికోట విజయనగర కాలంలో ఒక సీమకు ముఖ్యస్థానం. గోల్కొండ సుల్తానుల కాలంలో అది సర్కారుకు కేంద్రమైంది. నేడు ఆ విశాలమైన ప్రాకారంలో మిగిలింది ఒక చిన్న పల్లె మాత్రమే. ఈ కోటను కొందరు హిందూ దుర్గంగాను, మరికొందరు ముస్లిం పాలకుల కోటగాను చూడటం పరిపాటి. కోటలోని మసీదు, ధాన్యాగారం, కోనేరు, పావురాల గోపురం, ఆలయాలు ఒకే నివాసస్థలపు వేర్వేరు పొరలని, వాటిని కలిపి చదివినప్పుడే ఆ నగర జీవితం అర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నగరం ఖాళీ కావడానికి ఒక యుద్ధం కాక, అది నిర్వహించిన పనులు ఒక్కొక్కటిగా మరో చోటికి తరలిపోవడమే ప్రధాన కారణమని వాదిస్తుంది. ఈ ప్రతిపాదనను నేలలోని ఆధారాలతో పరీక్షించే మార్గాలను సూచిస్తుంది.

కీలకపదాలు: గండికోట, కుతుబ్‌షాహీలు, మీర్ జుమ్లా, పెమ్మసాని నాయకులు, జామియా మసీదు, ధాన్యాగారం, రాయలసీమ, నగర పురావస్తు శాస్త్రం.

1. ఉపోద్ఘాతం:

రాయలసీమలో కోటలకు కొదువ లేదు. కర్నూలు, ఆదోని, గుత్తి, సిద్ధవటం, గుర్రంకొండ, గండికోట – వీటిలో ఏ ఒక్కటీ ఒకే వంశపు కట్టడం కాదు. విజయనగర ప్రభువులు, వారి సామంత నాయకులు, బీజాపూరు, గోల్కొండ సుల్తానులు, మొగలు ఫౌజుదారులు, పఠాను నవాబులు, మైసూరు పాలకులు వరుసగా వీటిలో నివసించారు. ముందువారి గోడలపై తమ గోడలు లేపారు. అయితే కర్నూలు, ఆదోని నేటికీ జనసమ్మర్దం గల పట్టణాలే. కర్నూలులో పాతకోటకు గుర్తుగా కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున బీజాపూరు సుల్తానుల తరఫున పాలించిన అబ్దుల్ వహాబ్‌ఖాను సమాధి నిలిచి ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న మధ్యయుగపు వీధులు, ఇళ్లు మాత్రం నేటి ఊరి కింద కప్పబడ్డాయి.

గండికోట స్థితి ఇందుకు భిన్నమైనది. ప్రాకారం లోపలి నేలలో ఎక్కువ భాగం ఆధునిక నిర్మాణాల కిందికి పోలేదు. మసీదు, ధాన్యాగారం, ఆలయాలు, జలాశయాలు పరస్పరం ఎంత దూరంలో, ఏ దిక్కున ఉండేవో నేటికీ చూడవచ్చు. ఒక మధ్యయుగ నగరపు అమరికను చదవడానికి ఇంతటి అవకాశం రాయలసీమలో అరుదు. గండికోటపై వెలువడిన రచనల్లో రాజకీయ చరిత్రకు, ఆలయ శిల్పానికి ఎక్కువ చోటు దక్కింది. ఇక్కడ జనం ఏమి తిన్నారు, ఎక్కడి నీరు తాగారు, ఎందుకు వెళ్లిపోయారు అన్న ప్రశ్నలకు దక్కిన చోటు తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను ముందుకు తెస్తుంది.

2. ‘ఇస్లామీయ నగరం’ అనే భావన – దాని పరిమితి:

ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధంలో ఐరోపా పండితులు, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికా పట్టణాలను అధ్యయనం చేసిన ఫ్రెంచి పరిశోధకులు, ‘ఇస్లామీయ నగరం’ అనే ఒక నమూనాను రూపొందించారు. నడుమ జామియా మసీదు, దానిని ఆనుకొని బజారు, సమీపంలో స్నానశాల, ఆ వెలుపల ఇరుకు సందుల నివాసాలు – ఇదీ ఆ నమూనా. కొద్ది పట్టణాలను చూసి కట్టిన ఈ నమూనాను ప్రపంచమంతటికీ వర్తింపజేయడం సరికాదని జానెట్ అబూ లుఘోద్ 1987లో విమర్శించారు. నగరాన్ని మతం ఒక్కటే నిర్మించదు. వాతావరణం, వ్యాపారం, రాజ్యాధికారం, భూమిపై హక్కులు కూడా దాని రూపాన్ని నిర్ణయిస్తాయన్నది ఆ విమర్శలోని సారాంశం.

దక్కను విషయంలో ఈ విమర్శ మరింత వర్తిస్తుంది. ఇక్కడి సుల్తానుల నగరాలు కొన్ని ఖాళీ నేలపై కొత్తగా వెలిశాయి. భీమానది ఒడ్డున ఫిరోజ్‌షా బహమనీ 1400 ప్రాంతంలో కట్టించిన ఫిరోజాబాద్ అటువంటిది. గండికోట ఆ కోవకు చెందదు. ఇది అంతకుముందే ఉన్న దుర్గం. సుల్తానుల ప్రతినిధులు దానిలో ప్రవేశించి, ఉన్నదానిని వాడుకుంటూ, తమకు కావలసినవి చేర్చారు. కనుక ‘ఇస్లామీయ నగరం’ అనడం కంటే ‘దుర్గనగరంలో ఇస్లామీయ దశ’ అనడం ఇక్కడి వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఇది కేవలం పేరుకు సంబంధించిన పట్టింపు కాదు. నగరం అంటే మొత్తం స్థలానికి ఒకే గుర్తింపు అంటగట్టినట్లవుతుంది. దశ అంటే దాని ముందు, వెనుక, పక్కన ఉన్నవాటిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

3. స్థలం: గండి, రాయి, నీరు:

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించే లోతైన గండి వల్లనే ఈ కోటకు ఆ పేరు వచ్చింది. ఉత్తరం, పడమర దిక్కుల్లో నిట్టనిలువు లోయ సహజ కందకంగా పనిచేసింది. మిగిలిన దిక్కుల్లో బురుజులతో కూడిన ఎత్తైన గోడ కట్టారు. ప్రాకారం చుట్టుకొలత సుమారు 5 మైళ్లు.

గోడలకు వాడిన ఎర్రటి రాయి ఎక్కడి నుంచో మోసుకొచ్చినది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప శిలావ్యవస్థలోని ఒక శిలాశ్రేణికి ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని ఈ ఊరి పేరే పెట్టారు. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడి, నిలువు పగుళ్లతో దిమ్మెలుగా విడిపోతుంది. కోట కట్టేవారికి కొండే గని అయింది. చుట్టుపక్కల కడప, కర్నూలు ప్రాంతాల్లో సున్నపురాయి విస్తారంగా లభిస్తుంది కనుక డంగుసున్నానికీ కొరత లేదు. అందువల్లనే ఇక్కడ రెండు రకాల నిర్మాణ పద్ధతులు పక్కపక్కన కనిపిస్తాయి. పెద్ద రాతి దిమ్మెలతో లేపిన ప్రాకారం, రాతి కంబాలు, దూలాలతో నిలిపిన ఆలయ మండపాలు ఒక పద్ధతి. కమానులు, గుమ్మటాలు కట్టి సున్నపు గచ్చుతో నునుపు చేసిన భవనాలు మరొక పద్ధతి. మొదటిది విజయనగర సంప్రదాయం. రెండవది ప్రధానంగా సుల్తానుల సంప్రదాయం.

రాయి సమృద్ధిగా ఉన్నా నీరు అంత సులభం కాదు. నది కళ్లెదుటే ఉన్నా అది లోయ అడుగున ఉంటుంది. ముట్టడి కాలంలో అక్కడికి దిగడం ప్రాణాంతకం. వాన తక్కువగా పడే ఈ సీమలో కొండ మీద వేలమంది నిలవాలంటే వాననీటిని పట్టి ఉంచవలసిందే. కోటలోని రాయలచెరువు, కోనేర్లు, బావులు ఆ అవసరం నుంచి పుట్టినవే. గండికోట చరిత్రకు గోడల కంటే ఈ జలవ్యవస్థే ముఖ్యమైన పత్రం. చెరువు ఎంత నీరు పట్టేదో లెక్కగడితే కోటలో ఎంతమంది ఎన్ని నెలలు బతకగలిగేవారో అంచనా వేయవచ్చు.

4. లిఖిత ఆధారాలు:

4.1. కైఫియత్తు, స్థానిక కథనాలు:

కాలిన్ మెకంజీ కాలంలో సేకరించిన కైఫియత్తులు రాయలసీమ గ్రామచరిత్రకు అమూల్యమైన ఆధారాలు. అయితే వాటిని యథాతథంగా స్వీకరించడానికి వీలులేదు. కల్యాణి చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో గండికోటను నిర్మించాడన్న కథనం బహుళ ప్రచారంలో ఉంది. ఆహవమల్ల బిరుదాంకితుడైన మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123లో సింహాసనంపై ఉన్నవాడు ఆరవ విక్రమాదిత్యుడు. రాజు పేరు, సంవత్సరం – రెండూ ఒకేసారి నిజం కాజాలవు. గండికోట 1589లో నిర్మితమైందని ఫెరిష్తా చెప్పినట్లు ఇంపీరియల్ గెజిటీరు పేర్కొంటుంది. ‘గండికోట సీమ’ విజయనగర శాసనాల్లో అంతకుముందే ఉదయగిరి రాజ్యంలో భాగంగా ప్రస్తావితమైంది కనుక ఆ మాటా నిలవదు. ఒక కథనం కోటను మరీ వెనక్కి, మరొకటి మరీ ముందుకు జరిపింది. ఎవరికి వారు తమకు తెలిసిన కాలాన్నే ఆరంభంగా తీసుకోవడం దీనికి కారణం కావచ్చు.

4.2. పెమ్మసాని నాయకుల నుంచి మీర్ జుమ్లా వరకు:

విజయనగర ప్రభువుల సామంతులుగా పెమ్మసాని నాయకులు గండికోటను దీర్ఘకాలం పాలించారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా సేనలు 1589 ప్రాంతంలో దీనిని పట్టుకున్నా, వెంకటపతి రాయల కాలంలో కోట తిరిగి విజయనగర పక్షానికి చేరింది. స్థిరమైన గోల్కొండ ఆధిపత్యం 1650లో మీర్ జుమ్లా విజయంతో మొదలయింది. ఇరాన్‌లోని అర్దిస్తాను నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో ఎదిగి, అబ్దుల్లా కుతుబ్‌షాకు మంత్రిగా, సేనానిగా పనిచేసిన మహమ్మద్ సయీదే ఈ మీర్ జుమ్లా. పెమ్మసాని తిమ్మానాయుడు, పొదిలి లింగన్నల చుట్టూ అల్లుకున్న ద్రోహకథ ఈ ముట్టడికి సంబంధించి నేటికీ జనం నోట వినిపిస్తుంది.

4.3. టావెర్నియర్ సాక్ష్యం:

ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ 1652 సెప్టెంబరులో గండికోటలో మీర్ జుమ్లాను కలిశాడు. కోటకు చేరే దారి కొండ అంచున ఎంత ఇరుకుగా ఉండేదో రాశాడు. నవాబు కాలివేళ్ల సందుల్లోను, చేతివేళ్ల నడుమ ఉత్తరాలు ఇరికించుకొని, కార్యదర్శులకు జవాబులు చెబుతూ కూర్చున్న దృశ్యాన్ని వర్ణించాడు. ఈ చిన్న వివరం ఒక పెద్ద విషయాన్ని తెలుపుతుంది. పట్టుకొన్న కొద్దికాలానికే గండికోట ఒక పరిపాలన కేంద్రంగా పనిచేస్తోంది. లేఖలు వస్తున్నాయి, ఉత్తర్వులు వెళుతున్నాయి, నేరవిచారణలు జరుగుతున్నాయి.

టావెర్నియర్ చెప్పిన మరో సంగతి ఫిరంగుల పోత. మయ్యే అనే ఫ్రెంచివాడికి మీర్ జుమ్లా ఆ పని అప్పగించాడని, దేవాలయాల నుంచి తెచ్చిన లోహవిగ్రహాలను కరిగించే ప్రయత్నం జరిగిందని, ఫిరంగులు మాత్రం సిద్ధం కాలేదని అతడు రాశాడు. ఈ కథనాన్ని దాచనవసరం లేదు. ఆవేశానికి ఇంధనంగా వాడనవసరమూ లేదు. ఇది పరీక్షకు నిలిచే వాదన. లోహం కరిగించిన చోట కొలుముల అడుగులు, మూసల ముక్కలు, లోహపు చిట్టెం, కాలిన మట్టి మిగులుతాయి. చిట్టెంలోని రాగి, తగరం, సీసం పాళ్లను విశ్లేషిస్తే ఏ లోహం కరిగించారో తెలుస్తుంది. ఒక యాత్రికుని మాటను నేల సమర్థిస్తుందో లేదో చూడగల అవకాశం గండికోటలో ఉంది.

5. కట్టడాల సాక్ష్యం:

5.1. జామియా మసీదు:

కోట నడిబొడ్డున ఉన్న జామియా మసీదు విశాలమైన ఆవరణ, దాని చుట్టూ కమానుల వరుస, ముఖభాగాన మీనార్లతో గోల్కొండ శైలిని గుర్తుకు తెస్తుంది. సున్నపు గచ్చులో తీర్చిన అలంకరణ కూడా ఆ సంప్రదాయానికి చెందినదే. దీనిని మీర్ జుమ్లా కాలానికి చెందినదిగా భావించడం పరిపాటి. శైలి ఆధారంగా అది సమంజసమే గాని, 1650 తర్వాత కోటలో నివసించిన ఇతర అధికారుల చేర్పులూ ఇందులో ఉండవచ్చు. గోడల అతుకులు, గచ్చు పొరలు, ఇటుక పరిమాణాలు పరిశీలిస్తే కట్టడపు దశలు విడిపడతాయి.

ఆవరణ చుట్టూ ఉన్న కమానుల వరుసను కేవలం అలంకారంగా చూడకూడదు. ప్రయాణికులకు, విద్యార్థులకు, పేదలకు ఆశ్రయమివ్వడం మధ్యయుగపు మసీదు నిర్వహించే పనుల్లో ఒకటి. ఈ సందర్భంలో హంపిలో అహమ్మద్‌ఖాన్ 1439లో కట్టించిన మసీదు గుర్తుకు వస్తుంది. రెండవ దేవరాయల కొలువులోని ఆ ముస్లిం అధికారి తన కన్నడ శాసనంలో దానిని ‘ధర్మశాలె’ అని పిలిచాడు. ఒక మతపు కట్టడం మరో భాషలో, మరో సంప్రదాయపు మాటతో తన ప్రయోజనాన్ని చెప్పుకోగలిగింది.

5.2. ధాన్యాగారం:

మసీదుకు సమీపంలోనే ఉన్న పెద్ద కమాను పైకప్పు భవనాన్ని స్థానికులు ధాన్యాగారమని పిలుస్తారు. గండికోట సుల్తానుల దశను అర్థం చేసుకోవడానికి ఇది మసీదుకు ఏమాత్రం తీసిపోని ఆధారం. కోటలో ధాన్యం నిలువ చేయడమంటే ముట్టడికి సిద్ధపడటం మాత్రమే కాదు. పన్నులో కొంత ధాన్యరూపంలో వచ్చేదని, దానిని కొలిచి, దాచి, సిబ్బందికి పంచే యంత్రాంగం ఉండేదని కూడా అర్థం. రాయలసీమ రైతు తన జొన్నలను ఇంటి ముందు పాతరలో దాచుకున్నాడు. అధికారి ప్రజల పంటలోని వాటాను కమానుల కింద దాచాడు. పాతర, ధాన్యాగారం – ఈ రెంటి నడుమ ఉన్న సంబంధమే ఈ సీమ ఆర్థిక చరిత్ర.

ఈ భవనపు నేలపగుళ్లలో, పునాదుల వద్ద మట్టిని నీటిలో తేల్చి వడకడితే మాడిన గింజలు దొరికే అవకాశం ఉంది. జొన్న, సజ్జ, కొర్ర ఎక్కువగా ఉంటే ధాన్యం చుట్టుపక్కల మెట్టపొలాల నుంచి వచ్చిందనవచ్చు. వరి ఎక్కువగా ఉంటే చెరువుల కింది మాగాణుల నుంచో దూరప్రాంతాల నుంచో వచ్చిందని భావించవచ్చు. సైన్యంలో గుర్రాలు ఎన్ని ఉండేవో పత్రాలు చెప్పకపోయినా ఉలవల పాళ్లు కొంత చెబుతాయి.

5.3. కోనేరు, పావురాల గోపురం:

మసీదు పక్కనున్న దీర్ఘచతురస్రాకారపు కోనేరును కత్తుల కోనేరు అంటారు. యుద్ధం ముగిశాక సైనికులు ఇక్కడ కత్తులు కడిగారని, నీరు ఎర్రబడిందని చెబుతారు. ఇటువంటి కథలు యుద్ధస్మృతిని తరతరాలకు అందించే విధానాలు. కట్టడపు ప్రయోజనాన్ని వివరించేవి కావు. మసీదును ఆనుకొని నీరు ఉండటానికి నమాజుకు ముందు చేసే వజూ సహజమైన కారణం. ధాన్యాగారం, మసీదు, కోనేరు ఒకే చోట ఉండటం చూస్తే ఇది కోటలో జనం నిత్యం గుమిగూడే కూడలి అని ఊహించవచ్చు.

ప్రవేశద్వారానికి సమీపాన, జాలీ కిటికీలతో అంతస్తులుగా నిలిచిన గోపురాన్ని చార్మినార్ అని, పావురాల గోపురమని పిలుస్తారు. ఇది మసీదుకు అనుబంధం కాదు, రక్షణ బురుజూ కాదు. అధికార కేంద్రమైన కోటలో సందేశాలకు, విలాసానికి కూడా చోటుండేదని ఇది సూచిస్తుంది.

5.4. ఆలయాలు:

ఇదే ప్రాకారంలో మాధవరాయస్వామి ఆలయం, రంగనాథస్వామి ఆలయం ఉన్నాయి. మాధవరాయ ఆలయ గోపురం నేటికీ ఎత్తుగా నిలిచి ఉంది. గర్భగుడులు శూన్యంగా ఉన్నాయి. మసీదు ఈ ఆలయాల స్థానంలో వెలసినది కాదు. వేరే స్థలంలో నిలిచింది. ఆలయాలకు జరిగిన నష్టం ఒకేసారి జరిగిందా, 1650లోనా, తర్వాతి యుద్ధాల్లోనా, పూజలు ఆగిన తర్వాత రాళ్లు, విగ్రహాలు తరలిపోవడం వల్లనా అన్నది ఒక్కొక్క భగ్నశిల్పం వద్ద వేరువేరుగా తేల్చవలసిన విషయం. పడిన రాయి కింద ఉన్న మట్టి పొరలో దొరికే నాణెం లేదా కుండపెంకు ఈ ప్రశ్నకు ఏ వాదం కంటే నమ్మదగిన జవాబు ఇస్తుంది.

6. నగరం ఎందుకు ఖాళీ అయింది?

గండికోట ఒక్క రోజులో పాడుపడలేదు. గోల్కొండ పాలనలో బాలాఘాట్ కర్ణాటకలోని ఐదు సర్కారుల్లో – సిద్ధవటం, గండికోట, గుత్తి, గుర్రంకొండ, కంభం – ఇది ఒకటి. 1687లో గోల్కొండ పతనమయ్యాక మొగలుల అధీనంలోకి, 18వ శతాబ్దిలో కడప మయానా నవాబుల చేతిలోకి వెళ్లింది. నవాబులకు కడప, సిద్ధవటం ముఖ్యమయ్యాయి. దానితో గండికోట మొదట తన పరిపాలన ప్రాధాన్యాన్ని కోల్పోయింది.

హైదరాలీ 1779–80లో కడప రాజ్యాన్ని కలుపుకొన్నాక గండికోటను బలపరచి సైన్యాన్ని నిలిపాడు. కోట మళ్లీ బతికింది. అయితే రాజధానిగా కాదు, ఠాణాగా. 1791లో ఇంగ్లీషు సేన దీనిని పట్టుకుంది. 1792 శ్రీరంగపట్టణం సంధితో ఈ ప్రాంతం నిజాముకు, 1800లో కంపెనీకి దక్కింది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్ల సైన్యాలను రద్దుచేసి, రైతుల నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతి నెలకొల్పాడు. శిస్తు నగదు రూపంలో కచేరీకి చేరుతున్నప్పుడు కొండమీద ధాన్యం నిలువ చేయవలసిన పనిలేదు. సైన్యం లేనప్పుడు బజారుకు గిరాకీ లేదు. చివరిగా, మద్రాసు నుంచి కడప, ముద్దనూరు మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిశాక, సరుకు రవాణా మైదానపు దారి పట్టింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వంటి మైదానపు ఊళ్లు పెరిగాయి.

ఈ క్రమాన్ని గమనిస్తే గండికోటను చంపినది 1650 నాటి ముట్టడి కాదని స్పష్టమవుతుంది. ఆ ముట్టడి తర్వాత నగరం దాదాపు 150 ఏళ్లు కొనసాగింది. దాని పెద్ద పౌరకట్టడాల్లో కొన్ని ఆ తర్వాతే వెలిశాయి. నీళ్లు తక్కువైన కొండపై జనాన్ని నిలిపి ఉంచినది రాజ్యపు అవసరం. ఆ అవసరం తీరగానే జనం నీరు, దారి, మార్కెట్టు ఉన్న చోటికి దిగిపోయారు. ఇందుకు భిన్నంగా ఆదోని మైదానపు వ్యాపార పట్టణంగా నిలదొక్కుకుంది. కర్నూలు నదీసంగమం వద్ద దారుల కూడలిగా బతికింది.

7. పరిశోధనా విధానం – ఇతర స్థలాల అనుభవం:

పరిత్యక్త సుల్తాను నగరాల అధ్యయనానికి మన దేశంలో ఆదర్శాలు ఉన్నాయి. ఫిరోజాబాద్‌లో జార్జ్ మిచెల్, రిచర్డ్ ఈటన్ తవ్వకాలు లేకుండానే గోడలు, ద్వారాలు, మసీదు, స్నానశాలలను కొలిచి, పటాలు గీసి 1992లో ఒక గ్రంథం వెలువరించారు. గుజరాత్‌లోని చాంపానేరులో బరోడా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎన్. మెహతా 1970లలో తవ్వకాలు జరిపి, వీధులను, ఇళ్లను, తోటలను వెలుగులోకి తెచ్చారు. ఆ స్థలం 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. హంపిలో 1980 నుంచి సాగిన ఉపరితల సర్వేక్షణ రాజభవనాల నుంచి సామాన్యుల నివాసాల వైపు దృష్టిని మళ్లించింది.

గండికోటకు ఈ మూడు పద్ధతులూ వరుసగా అవసరం. ముందుగా నేటి పల్లెకు భంగం కలగకుండా ప్రతి పునాది గోడనూ కొలిచి పటం తయారుచేయాలి. తర్వాత గడులుగా విభజించి ఉపరితలంపైని కుండపెంకులు, గాజు ముక్కలు, పింగాణీ సేకరించాలి. ఆ తర్వాతే ఎంపిక చేసిన కొద్దిచోట్ల తవ్వకం చేపట్టాలి.

కాలనిర్ణయంలో ఒక జాగ్రత్త అవసరం. రేడియో కార్బన్ పద్ధతి 17వ శతాబ్ది మధ్యకాలం తర్వాతి వస్తువులకు నిర్దిష్టమైన తేదీ ఇవ్వలేదు. మనకు ముఖ్యమైన దశ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పైగా సరిగా కాలని సున్నపురాయి తునకలు గచ్చులో మిగిలితే తేదీ అసలుకంటే పాతదిగా తేలుతుంది. కనుక నాణేలు, పింగాణీ, హుక్కా పెంకులు వంటివి ఇక్కడ నమ్మదగిన కాలసూచికలు. పొగాకు దక్కనులో 17వ శతాబ్ది ఆరంభం నాటికే వాడుకలో ఉంది. బీజాపూరు నుంచి అసద్‌బేగ్ దానిని అక్బరు కొలువుకు తీసుకువెళ్లాడు. ఒక పొరలో చిలుము ముక్క దొరికితే ఆ పొర దాదాపుగా 1600 తర్వాతిదని చెప్పవచ్చు.

8. నేటి స్థితి – కర్తవ్యం:

గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అయితే నిలిచి ఉన్న కట్టడాన్ని కాపాడినంత శ్రద్ధగా దాని చుట్టూ ఉన్న నేలను కాపాడటం జరగదు. పెన్నా లోయ అందం వల్ల ఇటీవల పర్యాటకుల రాక బాగా పెరిగింది. దారి చదును చేసినా, గుడారం కోసం గుంత తీసినా, రాళ్లకుప్పను పక్కకు నెట్టినా ఒక ఇంటి పునాది మాయమవుతుంది. మసీదుకు, ఆలయానికి పేరుంది కనుక వాటికి రక్షణ ఉంటుంది. పేరులేని సిపాయి ఇల్లు, కుమ్మరి వాము, కమ్మరి కొలిమి అడిగేవారు లేక పోతాయి.

కోటకు ధాన్యం, మనుషులు వచ్చిన పల్లెల సంగతీ ఇంతే. 26.85 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన గండికోట జలాశయంలో కొండాపురం మండలపు అనేక గ్రామాలు మునిగాయి. కరువుసీమకు నీరు అవసరమే. ఆ నీటి కోసం ఊళ్లు వదులుకున్నవారి త్యాగమూ గుర్తించదగినదే. మిగిలిన చుట్టుపక్కల పల్లెల్లోని పాత బావులు, చెరువుకట్టలు, శాసనాలు, సమాధులు ఇకనైనా నమోదు కావాలి. కోటలో నేటికీ నివసిస్తున్న కుటుంబాలకు స్థలనామాలు, వాడుకలు తెలుసు. ఆ జ్ఞానాన్ని నమోదు చేయడం తవ్వకమంత విలువైన పని.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• గండికోట కొత్తగా వెలసిన ఇస్లామీయ నగరం కాదు. విజయనగర దుర్గనగరంలో 1650 తర్వాత బలపడిన సుల్తానుల దశ దానిలో ఒక ముఖ్యమైన పొర.

• మసీదు, ధాన్యాగారం, కోనేరు కలిసి ఒక నగర కూడలిని సూచిస్తాయి. వాటిని విడివిడిగా కాక ఒకే వ్యవస్థగా అధ్యయనం చేయాలి.

• కోట నిర్మాణకాలం గురించి ప్రచారంలో ఉన్న 1123, 1589 అనే రెండు సంవత్సరాలూ ఇతర ఆధారాలతో పొసగవు.

• నగరం పాడుపడటానికి ముట్టడి కంటే పరిపాలన, సైన్యం, శిస్తు విధానం, రవాణా మార్పులే ప్రధాన కారణాలు.

• విగ్రహాల లోహం, ఆలయాల శైథిల్యం వంటి వివాదాస్పద విషయాలు కూడా పురావస్తు పద్ధతులతో పరీక్షించదగినవే.

మాధవరాయ గోపురాన్ని మాత్రమే చూసేవారికి, మసీదు మీనార్లను మాత్రమే చూసేవారికి గండికోటలో సగమే కనిపిస్తుంది. ఈ రెంటి నడుమ ముళ్లపొదల కింద పరుచుకొని ఉన్న ఇళ్ల పునాదుల్లో మిగిలిన సగం ఉంది. పాలకులు మారినా ఆ ఇళ్లలోని వారు అదే చెరువు నీరు తాగారు, అదే నేలలో పండిన జొన్నలు తిన్నారు. వారి చరిత్రకు శాసనం లేదు, కైఫియత్తు లేదు. నేల ఒక్కటే ఆధారం. ఆ నేల చెదరకముందే దానిని చదవడం రాయలసీమ చరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.